ముసలాయన్ని కదపనివ్వని ఆట

నేను విత్తనాల కంపెనీలో సేల్స్‌మన్‌ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య బస్సుల్లో తిరగడమే నా ఉద్యోగం. విత్తనాలు ఏపాటి అమ్మానో కంపెనీ వాళ్లను అడగాలి గానీ, కోతలు ఏపాటి కోశానో ఈ మూడు ఊళ్ల బస్టాండుల్లో ఎవర్నడిగినా చెబుతారు. మిర్యాలగూడలో ఒక మిల్లు వెనక ఊక కుప్ప మీద కునుకు తీసినాయన దొర్లి దొర్లి నేరేడుచర్లలో నిద్ర లేచాడని, తిరిగి పోవడానికి ఆటో కిరాయి నేనే ఇచ్చానని చెబుతాను. నమ్మనివాళ్లకు ఆటో రంగు కూడా చెబుతాను. రంగు చెప్పేసరికి నమ్మేస్తారు.

అలాంటి నన్ను మొదటిసారి ఒక మనిషి కథలు రాసివ్వమని అడిగింది. మా అక్క కూతురు. ఆ పిల్ల హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి, సూర్యాపేటలో తల్లిదండ్రుల ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని ఫోన్లో ఆడే ఆటలు తయారు చేస్తోంది. బొమ్మలు గీసే స్నేహితురాలు ఒకామె, తను, అంతే. ఇలా ఒకరిద్దరు సొంతంగా చేసుకునే వాటిని ఇండీ గేములంటారట. తుపాకులుండవు, తరుముకోవడాలుండవు, కథే ముఖ్యం.

"గందుకే నీ దగ్గరికొచ్చిన మామా," అంది కోదాడలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని. "మనుషులు మాట్లాడినట్టు రాసేటోళ్లు నాకు దొరుకుతలేరు."

"రాసేటోళ్లు దొరక్క గాదు కోడలా, నా అంత అబద్ధాలు ఆడేటోళ్లు దొరక్క," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆట సంగతి ఇది. నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ పోయే షేర్ ఆటో. ఆడేవాళ్లే డ్రైవరు. ఎక్కిన ప్రతి మనిషినీ వేలితో పట్టి ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడ కూర్చోబెట్టాలి. ఎవరిని ఎవరి పక్కన పెడితే వాళ్ల మధ్య మాట మొదలవుతుంది. దారిలో ఇంకొకరు ఎక్కితే మళ్లీ అందర్నీ సర్దాలి. అప్పుడు జరుగుతున్న మాట తెగిపోయి, కొత్తగా పక్కకు చేరినవాళ్ల మాట మొదలవుతుంది. ఒక దారి పూర్తయ్యేసరికి ఒక్కొక్కరు ఒక్కో కథ వింటారు. మీరు విన్నది నేను వినను, నేను విన్నది మీరు వినరు.

నా భార్య ఫోను లాక్కుని ఆడింది. "ఏమండీ, ఈ కోళ్లాయన్ని కొత్త పెళ్లికూతురు పక్కన పెట్టా. కోడి చూడండి, ఆ పిల్ల చీరంచు ఎట్టా పీకుతుందో! అయ్యో, ఆ పిల్ల తిట్టటం లేదు, ఏడుస్తుంది. ఎందుకంటావే?" అని మా కోడల్ని అడిగింది.

"అది నువ్వే తెల్సుకోవాలె అత్తమ్మా. కోడిని తీసి ఎవల్నన్నా ఆడిమనిషిని పక్కకు పెట్టి సూడు, చెప్తదేమో."

నా భార్య పొయ్యి మీద చారు మరిచిపోయింది. అదీ ఆ ఆట.

నేను రాయడం మొదలుపెట్టాను. అందులో మోకాలి నొప్పి ముసలాయన ఒకడున్నాడు. ఆయన నోట్లో నా వాడపల్లి చేపను పెట్టాను. మూసీ, కృష్ణ కలిసేచోట పడవలోంచి ఒక సిమెంటు బస్తా జారి ఏట్లో పడుతుంది. దాన్ని ఒక వాలుగ చేప మింగుతుంది. ఒడ్డుకు వచ్చేసరికి గట్టిపడిపోతుంది. కత్తి దిగదు, గొడ్డలి దిగదు. చివరకు ఇంటాయన దాన్ని గుమ్మం ముందు మెట్టుగా వేసుకుంటాడు. వానాకాలంలో ఆ మెట్టు తోక ఆడిస్తుందని ముగింపు. ఈ కథ నేను చెబుతుంటే బస్సు దిగాల్సినవాళ్లు దిగకుండా తర్వాతి స్టేజీ దాకా వచ్చిన రోజులున్నాయి. ఇది మాత్రం నిజం.

ఆ ముసలాయన మాటలు ఆటలోకి ఎక్కాక నేనే ఆడి చూశాను. చేప నోరు తెరిచింది. బస్తా నోటి ముందుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే వంకాయల గంపతో ఒకామె ఎక్కింది. ముసలాయన్ని జరపక తప్పలేదు. కథ తెగింది. నా చేప నోరు తెరుచుకునే ఉండగా ఆటోలో వంకాయల్లో పుచ్చుల గురించి ముచ్చట మొదలైంది.

వెంటనే ఫోన్ చేశాను. "ఇదేం పద్ధతి కోడలా? నోట్లె ముద్ద పెట్టి దవడ పట్టుకున్నట్టు! కథ అయ్యేదాంక ఎవర్నీ కదపనియ్యకు. కథ ఇనేటప్పుడు చేతులు ఊకుండాలె."

"చేతులు ఊకుంటే గది ఆటెట్లయితది మామా?"

"మధ్యమధ్యల తెర మీద ఒత్తుతరు గదా, తర్వాత మాట రానీకె. నేను కథ చెప్తుంటే ఎదుటోళ్లు ఊ కొట్టరా? ఇదీ గంతే. ఒత్తుడంటే ఊ కొట్టుడే."

ఆ పిల్ల మెల్లగా అంది. "ఊ కొట్టుడంటే కొట్టకుండ గూడ ఉండొచ్చు మామా. ఎవలన్నా ఊ కొట్టకపోతే నువ్వు కథ మార్చవా? గొంతు పెంచవా? గీడ ఒత్తకపోతే ఆట ఆగిపోతది, గంతే. గది ఊ కొట్టుడు కాదు, తలకాయ పట్టుకొని ఊపిచ్చుడు."

నాకు కోపం వచ్చింది. ఆమె మాటలో నిజం ఉందని తెలిసినప్పుడు వచ్చే రకం కోపం. "మరి నువ్వు ఆడుకుంట ఏడ్సిన్నని చెప్తివి, ఆ వేరేటోళ్ల ఆటల ఏమున్నది? చనిపోయిన చెల్లె గది సర్దుడే గదా. దుంకుడు లేదు, కొట్టుడు లేదు," అన్నాను.

"సర్దుడే మామా. గని ఆ బట్టలు మడతపెట్టింది నేను. యే చీర ఉంచాలె, యేది ఇచ్చెయ్యాలె, అనుకున్నది నేను. చేసేది జరంతే ఉన్నా పర్వాలేదు, గది నా చెయ్యి అయ్యుండాలె."

ఇప్పుడు రాస్తుంటే ఈ మాట ఎంత తేటగా ఉందో కనిపిస్తోంది. అప్పుడు నాకు వినపడింది ఒక్కటే: నా చేపను సగంలో ఆపుతున్నారు.

ఆ వారం మిర్యాలగూడ వెళ్లాను. నాకు తెలిసిన మిల్లు ఆఫీసులో మధ్యాహ్నం టీ వేళకు నలుగురు చేరతారు. వాళ్ల ముందు ఫోను తీసి పట్టుకుని ఆట మొదలుపెట్టాను. ముసలాయన మాటలు ముసలాయన గొంతుతో, పెళ్లికూతురు మాటలు ముక్కుతో, కోళ్లాయన మాటలు కోడితో సహా వినిపించాను. ఎక్కడ ఎవరిని కూర్చోబెట్టాలో నేనే పెట్టాను. చేప కథ తెగకుండా, ఆటో ఆపకుండా పోనిచ్చి వంకాయలామెను రోడ్డు మీదే వదిలేశాను. మెట్టు తోక ఆడించేసరికి ఒకాయనకు టీ ముక్కులోకి పోయింది.

"మీ కోడలు మొనగత్తె భాయ్! ఏం ఆట చేసింది!" అన్నారు.

ఒక్కరూ ఫోను ముట్టుకోలేదు. నేను ఇవ్వలేదు.

బస్సెక్కగానే కోడలికి ఫోన్ చేశాను. "మిర్యాలగూడ పడి పడి నవ్విందే పిల్లా! కథ తెగకుండ ఉంటేనే జనానికి నచ్చుతున్నది. నేను సూసిన గదా కండ్లార."

"వాళ్లు ఆడిన్రా మామా?"

"ఆడక?"

ఆ ఒక్క మాట అనడానికి నేను ఆలోచించను కూడా లేదు. అబద్ధం ఆడుతున్నానన్న స్పృహ కూడా కలగలేదు. నాకు అలవాటైన పని అంత సునాయాసంగా జరిగిపోతుంది.

ఆ పిల్ల నమ్మింది. అప్పటికి ఆమెకు తొందర కూడా ఉంది. కొత్త ఆటలు చేసేవాళ్లలో కొందరిని ఎంచుకుని ఏడాదిపాటు పని చేసుకోవడానికి చోటూ ఖర్చులూ ఇచ్చే సంస్థ ఒకటి సూర్యాపేటలో ఒక కాలేజీ హాల్లో ఆటలు చూడబోతోంది. మా బావ, అంటే ఆ పిల్ల తండ్రి, బట్టల దుకాణం మనిషి, నిక్కచ్చిగా చెప్పేశాడు. ఇందులో నిలిస్తే సరే, లేదంటే మళ్లీ హైదరాబాదు ఉద్యోగానికి పోవాల్సిందే. ఒప్పుకుని ఆమె పని చేసుకుంటోంది. ఆ చివరి రోజుల్లో, నా మాట మీద, ఎవరైనా మాట్లాడుతుంటే మనుషులు కదలకుండా ఆటను మార్చి పంపింది.

హాల్లో ఒక్కో ఆటకు ఒక్కో బల్ల. వచ్చినవాళ్లు కూర్చుని ఆడాలి, చేసినవాళ్లు పక్కన నిలబడి చూడాలి, ఏమీ చెప్పకూడదు. ఆ నియమం నాకోసమే పెట్టినట్టుంది. కథ రాసినవాడినని నేను ఇస్త్రీ చొక్కాతో వెళ్లి బల్ల వెనక నిలబడ్డాను.

మొదట కాలేజీ కుర్రాడొకడు చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చి కూర్చున్నాడు. కాసేపు వేలితో ముసలాయన్ని కదపబోయాడు, కదల్లేదు. పెళ్లికూతుర్ని కదపబోయాడు, కదల్లేదు. తర్వాత ఫోనును నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టి, బజ్జీ తినడం మొదలుపెట్టాడు. చేయి నూనెగా ఉందని మోచేత్తో ఒత్తుతున్నాడు. చేప మింగింది, ఒత్తాడు. చేప గట్టిపడింది, ఒత్తాడు. మెట్టు తోక ఆడించింది, అప్పుడు ఉల్లిపాయ ముక్క ఏరుకుంటున్నాడు.

లేచి వెళ్తూ మా కోడలితో, "మంచిగున్నదక్కా, సీరియల్ లెక్క," అన్నాడు. వాడు మెచ్చుకునే అన్నాడు.

మా కోడలు నా వైపు చూసింది. మిర్యాలగూడలో ఆడిన్రా అని రెండోసారి అడగలేదు. చూసిందంతే. నేను హాలు పైకప్పుకున్న ఫ్యాన్లు చూశాను.

తర్వాత ఆ సంస్థ తరఫున ఎంపిక చేసే మేడం వచ్చింది. మా వయసే ఉంటుంది. కుర్చీ దగ్గరకు లాక్కుని శ్రద్ధగా ఆడింది. ముసలాయన కథ మొదలైంది. మధ్యలో ఆయన, "కాలు తిమ్మిరెక్కుతున్నది బిడ్డా," అంటాడు. ఆ మాట నేనే రాశాను, కథకు రుచి కోసం. మేడం వెంటనే వేలు పెట్టి ఆయన్ని ముందు సీట్లోకి జరపబోయింది. ఆయన కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది.

"ఈయన్ని ముందుకు మార్చడం ఎలా?" అంది.

"కథ అయ్యేదాకా మారరు మేడం," అంది మా కోడలు.

"కాలు నొప్పి అని ఆయనే చెబుతున్నాడు. డ్రైవర్ని నేనే. ముందు సీటు ఖాళీగా కనిపిస్తోంది. నన్ను ఏమీ చేయనివ్వకుండా ఎందుకు కూర్చోబెట్టారు? చేతులు కట్టేయాలన్న ఆలోచన ఎవరిది?"

అడిగింది ఆట గురించే. నాకు మాత్రం నన్నే నిలదీసినట్టు అనిపించింది. నా నోరు నాకంటే ముందు లేచింది.

"నేనూ అదే చెప్పిన మేడం! మనుషుల్ని కదలనియ్యి బిడ్డా, జనం చేతులు కట్టెయ్యకు అని నెత్తీ నోరూ కొట్టుకున్న. ఈ కాలం పిల్లలు ఇంటరా? కథలు రాసుడు వరకే నా పని, మిగిలింది వాళ్లిష్టం."

ఎంత బాగా చెప్పానంటే, గొంతులో కొంచెం బాధ కూడా కలిపాను.

మా కోడలు పక్కనే వంగి చార్జర్ పెడుతోంది. లేచి నిలబడింది. మొహంలో రంగు మారడం చూశాను. ఒక్క మాట అంటే నా పని ఖతం. అనలేదు.

"అవును మేడం. నాదే పొరపాటు," అంది.

మేడం తల ఊపి, ఏదో రాసుకుని, పక్క బల్లకు వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. బస్సులో, మిల్లులో, పొలం గట్టు మీద నేను చెప్పిన అబద్ధాలకు ఎవరూ నష్టపోలేదు. చేప కూడా నష్టపోలేదు, అసలు లేదు గనక. ఇప్పుడు నా అబద్ధం కింద ఒక మనిషి నలిగింది. ఆ మనిషి నా ఎదురుగానే నిలబడి ఫోను తెర మీద బజ్జీ నూనె తుడుస్తోంది.

అప్పుడైనా పక్క బల్ల దాకా వెళ్లి నిజం చెప్పొచ్చు. పోలేదు. టీ తెస్తానని బయటికి వెళ్లి, తేకుండా వచ్చాను.

మధ్యాహ్నం పేర్లు చదివారు. మా ఆట పేరు లేదు. సంగతి తెలుసుకోవడానికి వచ్చిన బావకు మేడం ఎదురైంది. మర్యాదగా మాట్లాడాలనే మాట్లాడింది. "అమ్మాయిలో పనితనం ఉందండీ. వాళ్ల మామయ్యగారు ముందే చెప్పారట, వింటే బాగుండేది. మార్చుకుని వచ్చే విడతకు పంపమనండి."

అలా నా అబద్ధం నాకంటే ముందు ఇంటికి చేరింది.

బావ బండి మీద ముందు వెళ్లిపోయాడు. మేమిద్దరం ఆటోలో వెనక. సగం దూరం పోయాక ఆ పిల్ల రోడ్డు వైపే చూస్తూ అంది. "అబద్ధం నువ్వు మంచిగ చెప్తవ్ మామా. చిన్నప్పటిసంది ఇంటున్న, నాకిష్టమే. గని నా మీద చెప్పకు."

"మరి మేడం ముందట ఎందుకు ఊకున్నవ్?"

"నేను మాట్లాడితే నువ్వు యాడ మొకం పెట్టుకుంటుంటివి?"

ఆమె నాకోసం పస్తున్నా నేను ఇంత సిగ్గుపడేవాణ్ని కాదు.

ఇంట్లో అడుగు పెట్టగానే బావ మొదలుపెట్టాడు. "మామ మాట ఇంటే ఏం పోయింది నీకు? రేపు పొద్దుగాల ఆ ఆఫీసోళ్లకు ఫోన్ చెయ్యి, వస్తనని చెప్పు. ఇగ చాలు ఈ ఆటలు."

"బావా, ఆ ఆలోచన దానిది కాదు, నాది," అన్నాను. "అది వద్దన్నది. నేనే పట్టుబట్టి మార్పిచ్చిన. మేడం ముందట నేను చెప్పింది అబద్ధం."

బావ చేయి ఊపేశాడు. "ఊకో బామ్మర్దీ. కోడలు ఏం చేసినా నీ మీదేసుకుంటవ్. నీ సంగతి మాకు ఎర్క లేదా?"

లోపల్నుంచి అక్క అందుకుంది. "చిన్నప్పుడు అది ఇంట్ల గ్లాసు పలగ్గొట్టినా, పిల్లి పలగ్గొట్టిందని వీడే చెప్తుండె. ఆ పిల్లి రంగు గూడ చెప్పేటోడు."

ఒట్టు పెట్టాను. నేను ఒట్టు పెడితే మా ఇంట్లో నవ్వుతారు, నవ్వారు. ఎంత వివరంగా చెబితే అంత కోతలా వినిపిస్తోంది. మిల్లు సంగతి చెప్పాను, టీ ముక్కులోకి పోయిన సంగతి చెప్పాను. "ఆఁ, ఆఁ," అంటూ బావ చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. నా జీవితంలో మొదటిసారి ఎవరైనా నన్ను నమ్మాలని అంత గట్టిగా కోరుకున్నాను, ఒక్క ఆటో రంగూ పనికి రాలేదు.

మా కోడలు గోడకానుకుని కూర్చుని ఉంది. సాయం రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

"పాత ఆట ఉన్నదా కోడలా? మార్చకముందుది?" అని అడిగాను.

లేచి లోపలికి వెళ్లి అది ఉన్న ఫోను తెచ్చింది. నా చేతికిచ్చింది. నేను బావ చేతికిచ్చాను. "ఒక్కసారి ఆడు బావా. నేను ఏం చెప్ప."

బావ విసుగ్గానే మొదలుపెట్టాడు. కోళ్లాయన ఎక్కాడు, పెళ్లికూతురు ఎక్కింది. అక్క వచ్చి భుజం మీంచి చూసి, "ఆ పిల్ల పక్కన కోళ్లోన్ని ఎట్ల కూసోబెడ్తవయ్యా? ఎనక్కి పంపు," అంది. "ఎనక జాగెక్కడున్నది? నువ్వే సూపియ్యి," అన్నాడు బావ. ముసలాయన కథ మొదలైంది. చేప బస్తా దగ్గరకు వచ్చింది. "కాలు తిమ్మిరి అంటున్నడు, ముందల పెట్టురాదూ," అంది అక్క. బావ ముసలాయన్ని ఎత్తి ముందుకు వేశాడు. చేప నోరు తెరుచుకునే మిగిలిపోయింది. ముందు సీట్లో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాడు ఆయన కాలు గురించి అడగడం మొదలుపెట్టాడు. నాకు లోపల చివుక్కుమంది. పెదవి కొరుక్కున్నాను. ఇద్దరికీ చేప గుర్తు కూడా లేదు. చివరికి పెళ్లికూతురు అక్క పెట్టించిన ఆడమనిషితో ఏదో చెప్పింది, అక్క కళ్లు ఒత్తుకుంది.

తర్వాత మా కోడలు, పొద్దున హాల్లో పెట్టిన ఆట తెరిచి ఇచ్చింది. బావ ఒత్తాడు. ఒత్తాడు. ముసలాయన్ని కదపబోయాడు. మళ్లీ ఒత్తాడు.

"గిదేంది, ఒత్తుడే ఉన్నది? ఎవలు చెడగొట్టిన్రు దీన్ని?"

"నేనే బావా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ ఫోను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "మరి గంత మంది ముందట దాని మీద చెప్పినవా?"

"చెప్పిన."

"అదేమో నిన్ను కాపాడింది."

"అవును."

మా కోడలు సంచీలోంచి మేడం ఇచ్చిన కార్డు తీసి మంచం మీద పెట్టింది. నేనే ఫోన్ చేశాను. నేనెవరో చెబితే మేడం గుర్తుపట్టింది.

"మేడం, పొద్దున నేను మీకు అబద్ధం చెప్పాను. మనుషుల్ని కదపనివ్వకూడదన్నది నేను. మా అమ్మాయి వద్దంది," అన్నాను.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అంది.

నాలుక మీదకు ఒకటి కాదు, నాలుగైదు జవాబులు వచ్చి కూర్చున్నాయి. కొన్ని చాలా బాగున్నాయి. ఒకదానికి కన్నీళ్లు కూడా పెట్టుకోవచ్చు.

"అబద్ధం గనక," అన్నాను.

"పేర్లు చదివేశాం. అవి మారవు," అంది మేడం. "ఫోను అమ్మాయికి ఇవ్వండి."

ఫోను ఇచ్చాను. ఆమె తీసుకుని వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలికి మాటలు సరిగా వినపడటం లేదు. సీట్ల గురించి ఏదో వివరిస్తోంది. మేడం ఏదో అడుగుతున్నట్టుంది, ఈమె ఆగి ఆగి జవాబు చెబుతోంది.

"రేపు ఆఫీసుకు ఫోనుజేసుడు ఉండనియ్యి," అన్నాడు బావ, తలుపు వైపు చూస్తూ. నాతో కాదు.

అక్క టీ తెచ్చి బావకిచ్చింది. నాకు కావాలా అని అడగలేదు. నేనూ అడగలేదు.